దూది దుకాణం ముందు ఏ చెట్టు

మా తాత చేలోకి గొడుగు తేనిచ్చేవాడు కాదు. "నీ గొడుగు మీద పడ్డ సినుకు ఎవని సేన్ల పడాలె?" అని అడిగేవాడు. గట్టు మండలంలోని మా ఊళ్లో వానకు అంత విలువ. ఒకసారి వాన మా పక్క చేను దాకా వచ్చి, ఒడ్డు మీద ఆగి, తాతను రమ్మంటావా వద్దా అని అడిగి, ఆయన చుట్ట ఆర్పి జవాబు చెప్పేలోపే వెళ్లిపోయిందని నేను చాలామందికి చెప్పాను. నమ్మినవాళ్లూ ఉన్నారు. సరిహద్దు అవతలి పల్లె నుంచి కాపురానికి వచ్చిన మా నాయనమ్మ వానను తన కన్నడంలో "మళె" అనేది. పేరు మార్చి పిలిస్తేనైనా పలుకుతుందేమోనని అలా అనేదని నా అనుమానం.

అలాంటి ఊరి నుంచి వచ్చినవాణ్ని, వెతికి వెతికి వనపర్తిలో నీళ్లు నిలిచే గల్లీలో ఇల్లు కట్టుకున్నాను. పైన బస్సులు తిరిగే రోడ్డు. అక్కడి నుంచి గల్లీ వాలుగా కిందికి దిగుతుంది. మధ్యలో నా ఇల్లు, దాని ముందరి గదిలో నా మోటారు వైండింగ్ దుకాణం. గల్లీ ముగిసే చోట, అన్నిటికన్నా పల్లంలో, పరుపులు కుట్టే భాయ్ దుకాణం. మట్టిబాటగా ఉన్నన్నాళ్లూ వాన ఎక్కడిదక్కడే ఇంకేది. సిమెంటు పోశాక రోడ్డు మీది వానా, మా మిద్దెల మీది వానా ఒక్కటై కిందికి దిగి, భాయ్ గడప ముందు సభ పెట్టేవి.

ఒక ఏడాది ఆ నీళ్లలో జూరాల డ్యామ్ చేప ఒకటి ఈదుకుంటూ వచ్చి, నా దుకాణం ముందు ఆగి, గద్వాలకు దారెటని అడిగిందని చెప్పాను. విన్నవాళ్లంతా నవ్వారు. భాయ్ ఒక్కడే నవ్వలేదు. చేతిలో దబ్బనం ఆపకుండానే, "నన్ను గూడ అడిగింది. గద్వాల బస్సు పోయింది, గీడనే పండుకో పరుపిస్త అన్న" అన్నాడు.

అందుకే ఆయనంటే నాకు ప్రాణం. నేను చెప్పేవాటిని నమ్మేవాళ్లు దొరుకుతారు, నమ్మనివాళ్లు ఇంకా ఎక్కువ దొరుకుతారు. అందుకుని ఇంకో మెట్టు ఎక్కించేవాడు ఊరికొక్కడు కూడా దొరకడు. మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడల్లా నా దుకాణం ఆగేది, ఆయన దూది ఏకే మిషనూ ఆగేది. నేను వెళ్లి దూది బస్తాల మీద వాలేవాణ్ని. ఆయన కనుబొమ్మల మీద, చెవుల వెంట్రుకల మీద దూది పేరుకుని ఉండేది. వయసులో నాకన్నా చిన్నవాడే, చూడ్డానికి మా తాతలా ఉండేవాడు.

కానీ దూదికీ నీళ్లకూ పొత్తు కుదరదు. తడిసి ఎండిన దూది గడ్డ కడుతుంది. అలాంటి పరుపు మీద పడుకుంటే పొద్దున లేచేసరికి వీపు మీద ఏ గడ్డ ఎక్కడుందో లెక్కపెట్టుకోవచ్చు. ప్రతి వానాకాలం భాయ్‌కి కొంత సరుకు అలా పోయేది. కొత్తకోటలో, హైవే మీద దాబాల వరసలో, ఆయన బామ్మర్దికి ఎత్తైన అరుగున్న దుకాణం ఒకటి ఖాళీగా ఉంది. లారీ క్యాబిన్లలో పరిచే పరుపులకు అక్కడ గిరాకీ కూడా. ఆ ఎండాకాలం చివర్లో ఆయన నాతో మామూలుగా, దారం కొరుకుతూ అన్నాడు:

"ఈ వానకాలం గూడ నీళ్లు లోపటికొస్తె కొత్తకోటకు పోత అన్నా. ఇగ నాతోని కాదు."

నేను చేప కథలో రెండో భాగం మొదలుపెట్టబోయి ఆపేశాను.

ఆ నెలలోనే మున్సిపల్ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి గల్లీకి ఒక పక్క సిమెంటు పగలగొట్టించాడు. పై నుంచి కింద దాకా వెడల్పాటి మట్టికాలువ తీయించాడు. వాన నీళ్లు రోడ్డు మీద పరుగెత్తకుండా ఇందులోకి దిగి నేలలోకి ఇంకాలన్నాడు. కాలువ పొడుగునా చెట్లు పెట్టుకోవాలి, వేర్లు మట్టిని గుల్లగా ఉంచుతాయి. "ఏం చెట్లన్నది మీరే ఎంచుకోండ్రి. మన నేల చెట్లయితే మంచిది" అని చెప్పి పోయాడు.

గల్లీ అంతా భాయ్ దుకాణం ముందు చేరింది. ఖిల్లా ఘణపూర్ నుంచి వచ్చి ఇక్కడ బడిలో చెప్పి రిటైరైన సారు, కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చున్నాడు.

"సీతాఫలం పెడుదాం. మా కోట కింద బండల సందుల ఎవరు నీళ్లు పోసిండ్రని కాస్తున్నది?"

నా ఇంటికి ఎదురింటి పెద్దమ్మది నాగర్‌కర్నూల్ అవతల అడవి అంచు పల్లె. ఆమె సారును పూర్తిచేయనివ్వలేదు.

"ఇప్ప చెట్టు పెట్టుండ్రి. ఎండకాలం పొద్దుగాల లేస్తె కిందంత పువ్వే. వాసనకు నిద్ర దానంతటదే లేస్తది."

"ఆ పువ్వుకు ఎవరెవరు లేస్తరో నాకెరికె పెద్దమ్మా. సారాయి గాసెటోళ్లు ముందుగాల లేస్తరు" అన్నాను.

"నీకు తెల్వకపోతె ఇంకెవరికి తెలుస్తది బిడ్డా" అంది ఆమె.

నేను వేపకు పట్టుబట్టాను. మా ఊళ్లో వేప ఒక్క చినుకు తాగి ఏడాదంతా దాన్నే నెమరేస్తుందని చెప్పాను. గద్వాల దగ్గర కృష్ణ ఒడ్డున పుట్టిన నా భార్య నేరేడు అంది. అప్పుడు ఆమె మాట ఎవరూ పట్టించుకోలేదు, నేనైతే అసలు వినలేదు. చివరకు భాయ్ లోపలి నుంచి తల బయట పెట్టాడు.

"నాకైతె బూరుగు పెట్టుండ్రి. దిండ్ల దూది మీదికెళ్లి రాలుతుంటె కింద గలీబు పట్టుకోని కూసుంట."

ఇప్పుడు తలచుకుంటే తెలుస్తుంది. అక్కడ ఎవరూ చెట్టు ఎంచడం లేదు. ఎవరి ఊరిని వాళ్లు గల్లీలోకి పిలుచుకుంటున్నారు. సారు కళ్లు కోట వైపున్నాయి. పెద్దమ్మ ఇప్పపువ్వు వాసన చెబుతూ ముక్కు పైకెత్తి నిజంగానే పీల్చింది. నేను వేప అన్నప్పుడు నాకు కనిపించింది చెట్టు కాదు, దాని కింద చుట్ట ఆర్పుతున్న తాత. అలాంటి పంచాయితీకి తీర్పేముంటుంది. ఎవరిది వాళ్లు తెచ్చుకుని ఎవరింటి ముందు వాళ్లు పెట్టుకోవాలని తేలింది. బూరుగు మొక్క దొరకక, భాయ్ ముందు మాత్రం ఇంకో వేప పెట్టాం.

పెట్టడం ఎలా పెట్టామో చెప్పాలి. మెట్ట పొలాల్లో పుట్టినవాళ్లకు మొక్క కన్నా ముందు కంటికి కనిపించేది పాదు. చుట్టూ మట్టికట్ట పోసి, దొరికిన నీళ్లు దొరికినట్టు వేరు దగ్గరే పట్టి ఉంచే పళ్లెం లాంటి గుంత. గల్లీలో దాదాపు అందరం అలాంటి ఊళ్లవాళ్లమే. ట్రాక్టరులో చెరువు మట్టి తెప్పించాం. నల్లగా, జిగటగా, వెన్నలా ఉండే ఆ మట్టి మా ఊళ్లో చేనుకు తోలిస్తే పండగే. కాలువ నిండా అదే నింపి, పోటీలు పడి పాదులు కట్టాం. నా పాదులో రెండు బర్రెలు పడుకుని మూడోదానికి చోటు ఉంచేవి. సారు తన పాదుకట్టను తాపీతో నున్నగా మెత్తాడు. పెద్దమ్మ పసుపూ కుంకుమా పెట్టింది. భాయ్ పరుపుల గుడ్డ పీలికలు తెచ్చి మొక్కలన్నిటికీ ఊతకర్రలు కట్టాడు. గల్లీ పొడుగునా చారల జెండాలు కట్టినట్టుంది.

మొదటి పెద్దవాన ఒక మధ్యాహ్నం వచ్చింది. పాదులు నిండుతుంటే మేం మిద్దెల మీద నిలబడి సంబరంగా చూస్తున్నాం. "నాది నిండింది" అని సారు ఆ మిద్దె మీద నుంచి కేకేస్తే, "నాది పొర్లుతున్నది" అని నేను ఈ మిద్దె మీద నుంచి. పొర్లిన నీళ్లు ఎటు పోతున్నాయో ఎవరమూ చూడలేదు. కాలువలో అడుగుకో కట్ట. ఇంకే దారి లేకుండా కింద జిగట మట్టి. నీళ్లు కాలువను వదిలి రోడ్డెక్కి, ఎప్పటికన్నా జోరుగా కిందికి దిగాయి.

మేం పరుగెత్తేసరికి భాయ్ దుకాణంలో మోకాళ్ల లోతు. గద్వాల వాళ్ల పెళ్లి పరుపులు ఆ రోజే కుట్టి ముగించి గోడకు ఆనించాడు. అవి నీళ్లు తాగి మెల్లగా వంగి, అలసిన చుట్టాల్లా ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయాయి. నలుగురం పట్టినా ఒక్కటి లేవలేదు. భాయ్ మిషను బల్ల మీద కాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్నాడు.

"మీ చెట్లకు నీళ్లు మంచిగ వట్టినయి అన్నా" అన్నాడు.

అందులో ఎత్తిపొడుపు లేకపోవడమే నాకు గుచ్చుకుంది. మళ్లీ ఆయనే అన్నాడు: "వానలు తెరిపిచ్చినంక లారి మాట్లాడుకుంట. ఈ కాలం ముగిసెదాక ఎట్లనో ఎల్లదీస్త."

తర్వాత వారాల్లో వేప ఆకులు పసుపెక్కాయి. పసుపెక్కిన ఆకును చూస్తే మా ఊరివాడికి తోచేది ఒక్కటే. నేను బిందెడు నీళ్లు తెచ్చి పోశాను. ఇంకా పసుపెక్కితే ఇంకో బిందె పోశాను. నా భార్య గుమ్మంలో నిలబడి అంతా చూసి, వచ్చి మొక్కను మొదలు పట్టి లాగింది. దానంతటది ఊడి వచ్చింది. వేరు నల్లబడి, ఊరబెట్టిన తోలు వాసన కొట్టింది.

"మీ ఊర్ల చెట్టు సచ్చెడిది నీళ్లు లేక, దూపతోనే" అంది. "మునిగి సచ్చెడి చెట్టును మీరు యాడ జూసిండ్రు?"

"మరి నువ్వు జూసినవా?"

"మునిగి బతికెడి చెట్టును జూసిన. వస్తె చూపిస్త."

మరుసటి ఆదివారం బండి మీద ఆమె పుట్టింటికి పోయాం. వాళ్ల ఊరి పక్కన కృష్ణలో కలిసే వాగు ఒకటి ఉంది. వరద వచ్చి నాలుగు రోజుల కింద తీసింది. ఒడ్డు చెట్ల కొమ్మల్లో, నా తలకన్నా ఎత్తున, కొట్టుకొచ్చిన ఎండుగడ్డి వేలాడుతోంది. ఇసుకలో చెప్పులు విడిచి ఆమె చిన్నపిల్లలా ముందు నడిచింది. చిన్నప్పుడు ఇక్కడే నేరేడుపండ్లు ఏరుకుని, గౌను నిండా మరకలు చేసుకుని, దెబ్బలు తప్పించుకోవడానికి గౌనంతా అదే రసంలో ముంచిందట. రంగు మారితే అమ్మ గుర్తుపట్టదనుకుందట. అంత మంచి ఉపాయం నాకెప్పుడూ తట్టనందుకు నేను కొంచెం కుళ్లుకున్నాను.

"గా చెట్ల మెడల గడ్డి దండలు చూడు" అంది. "దండ ఉండి, ఆకు పచ్చగ ఉన్నదేదో గదే నీకు గావల్సింది."

చూసుకుంటూ పోయాం. తెల్లగా నున్నటి మానుతో ఏరుమద్ది. దాని పక్కన నేరేడు. గట్టుకు కొంచెం పైన, మెరిసే ఆకులతో కానుగలు. ఒక వేప కూడా ఉంది, కానీ అది ఒడ్డు ఎక్కి, దండ అందనంత పైన నిలబడి ఉంది. నాకు ఇంకో అనుమానం వచ్చింది.

"వరదకు సరే. ఎండకాలం ఈ వాగుల ఏముంటది?"

"ఇసుక. నా చిన్నప్పటికెళ్లి గంతే."

అంటే ఇవి మునగడమూ తెలిసినవి, ఎండడమూ తెలిసినవి. మా గల్లీ కాలువ సంగతి కూడా అదేగా. నాలుగు రోజులు చెరువు, మిగతా ఏడాదంతా పెనం. చెట్టును ఎంచాలంటే ఊరు కాదు, అది నిలబడబోయే చోటును చూడాలని నాకు ఆ ఇసుకలో తెలిసింది. ఇంటికొచ్చి మాత్రం ఆ వాగులో ఏరుమద్ది ఒకటి వరద వచ్చినప్పుడల్లా వేర్లు మడుచుకుని పైకి లేచి నిలబడుతుందని చెప్పాను.

రెండో సభలో కేకలు లేవు. ముందుగా పాదులు తీసేశాం. చెరువు మట్టి తవ్వి పెరళ్లకు పంచుకున్నాం. పడగొట్టిన ఇంటి రాళ్లూ కంకరా అడుగున పోసి, పైన ఇసుక కలిపిన మట్టి వేశాం. కాలువ పొడుగునా నీళ్లు నడిచే దారి వదిలి, పక్కవాలు మీద చిన్న చిన్న దిబ్బలు చేసి మొక్కలు పెట్టాం. వేర్లు తడిలోకి దిగాలి, మెడ మాత్రం పైన ఉండాలి. కరెంటు తీగలు లేని వెడల్పాటి చోట ఏరుమద్దులు. నీళ్లు నిలవని గల్లీ మొదట్లో ఇప్ప. పెద్దమ్మ దానికోసం అంత దూరం నడవాల్సి వచ్చినా సరే అంది. ఆమె ఇప్పుడు లేదు, ఇప్ప ఉంది. సీతాఫలం సారు పెరట్లోకి పోయింది. మా ఇంటి ముందు నేరేడు.

పాదు లేకుండా మొక్క పెట్టడం మా చేతులకు ఎంత కష్టమో చెప్పలేను. అన్నం పెట్టి ఆకు తీసేసినట్టుంది. పెద్దమ్మ ఎవరూ చూడకుండా అరచేత్తో ఇప్ప చుట్టూ చిన్న కట్ట పోస్తుంటే సారు పట్టుకున్నాడు.

"ఏంది పెద్దమ్మా, మళ్ల మొదలువెడ్తివా?"

"చెయ్యి ఊకుంటలేదు సారూ."

సారు కట్టను కాలితో చెరిపాడు. కానీ ఆయన చెయ్యి కూడా తాపీ కోసం తడుముకోవడం నేను చూశాను.

ఇక మిగిలింది భాయ్ దుకాణం ముందు, మా వేప కుళ్లిపోయిన చోటు. ఆయన ఆ పనిలోకి రాలేదు. బస్తాలకు మూతులు కుడుతూ లోపలే ఉన్నాడు. నేను వెళ్లి నిలబడితే తలెత్తకుండా అన్నాడు:

"గల్లీల అందరి చెట్లకు జాగ దొరికింది. నా బూరుగుకే లేదు."

"బూరుగు పెరిగితె తీగలల్లకు వోతది భాయ్. ఎండకాలం దూదంత ఎగిరి కాలువల పడ్తది. నీళ్ల దారి మూసుకపోతది."

"నేనేమన్న పెట్టుమంటినా. పోయెటోనికి చెట్టెందుకు."

నేను బయటికి రాబోయి ఆగిపోయాను. నా దగ్గర ఏ కథా లేదు. "పోతె పో. పోయెదాకనన్న ఇక్కడ ఏముండాల్నో నువ్వే జెప్పు" అన్నాను. "మద్ది పెడితె తీగలు. నేరేడు పెడితె పండు రాలి నీ పరుపులు గద్వాల చీరలయితయి."

అప్పుడు దబ్బనం గుడ్డలో గుచ్చి, లేచి వచ్చాడు. గడపలో నిలబడి పైన తీగలు చూశాడు, కింద కాలువ చూశాడు. దూది పనివాడు అడగాల్సిన మాటే అడిగాడు: "మరక వట్టనిదేంది?"

"కానుగ. పువ్వు రాలితె పేలాలు సల్లినట్టుంటది. దులిపితె పోతది. నీడ దగ్గర, వేరు లోతు. ఎండకాలం ఆకు రాలిన కొద్ది రోజులకే మళ్ల కొత్తాకేస్తది."

"గిది నిజమా, నీ చేప సంగతా?"

"ఒట్టు" అన్నాను. నా ఒట్టుకు గల్లీలో విలువ లేదు. నా భార్య వెనక నుంచి, "నిజమే భాయ్, నేను జూసిన" అంది. ఆయన తానే రెండు కానుగ మొక్కలు అందుకుని దిబ్బల మీద పెట్టాడు. పీలికలు మాత్రం కట్టలేదు.

ఉత్తర కార్తెలో అసలు వాన పడింది. అప్పటికి కొత్తకోట లారీ మాట్లాడేసినట్టే. ఈసారి ఎవరమూ మిద్దె ఎక్కలేదు. అందరం భాయ్ దుకాణంలో, బస్తాల మధ్య ఇరుక్కుని నిలబడ్డాం. నీళ్లు పై రోడ్డు నుంచి దిగి కాలువలో పడ్డాయి. రాళ్ల మధ్య నుంచి బుడగలు లేచాయి. కాలువ నిండింది. దిబ్బలు సగానికి మునిగి, కానుగ మొక్కలు నీళ్లలో తలలూపాయి. కొంత నీరు రోడ్డు మీదికి పొర్లి, మెట్టు ఎక్కి, గడప కింద ఆగింది. గడప అంచున ఒక చీపురుపుల్ల అటూ ఇటూ తిరుగుతోంది. అది లోపలికి వస్తే ఇక భాయ్‌ను ఎవరూ ఆపలేరు. అందరం దాన్నే చూస్తున్నాం. నేను పుట్టాక అంతసేపు నోరు మూసుకుని ఉన్నది అదే.

పుల్ల మెట్టు మీదికి దిగింది. ఇంకాసేపటికి మెట్టు బయటపడింది. వాన ఇంకా పడుతూనే ఉంది, కానీ కాలువ గుటకలు వేస్తున్న చప్పుడు మాకు వినిపించింది.

"ఇయ్యాల రాళ్లు తాగినయి" అన్నాడు సారు. "ఇగ వేర్లు నేర్సుకోవాలె."

భాయ్ వంగి, గడపను అరచేత్తో తడిమి, పొడి చెయ్యిని లుంగీకి తుడుచుకున్నాడు. అప్పుడే ఆయన ఫోన్ మోగింది. నాగర్‌కర్నూల్ నుంచి గిరాకీదారు ఎవరో, పరుపుల కోసం. ఆయన ఫోన్ ఎప్పుడూ గల్లీకంతా వినిపిస్తుంది.

"భాయ్, దుకాణం కొత్తకోటకు మార్చిండ్రంట గద. యాడికి రావాలె?"

భాయ్ బయటికి చూశాడు. వానలో కొత్తకోట వైపు కాదు, కాలువ వైపు.

"ఎవరు జెప్పిండ్రు నీకు. పాత జాగనే. గల్లీల కిందికి రా, రెండు పెద్ద కానుగ చెట్లు కనవడ్తయి. గా నీడల బండి ఆపుకో."

ఆ కానుగలు అప్పటికి నా మోకాలి దాకా రాలేదు.